ఎర్రబడని డోనట్లు

బోల్టుల ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక తోపుడు బండి. బండి మీద పొయ్యి, పొయ్యి మీద బాండీ, బాండీలో సలసల మరిగే నూనె, ఆ నూనెలో దొర్లుతూ డోనట్లు. బండికి ఆ పక్క పెద్దావిడ, ఈ పక్క చిన్నావిడ. ఫ్యాక్టరీ పనివాళ్ళు పెట్టిన పేర్లవి. కొత్తగా చేరినవాళ్ళు ఇద్దరూ ఒకే మగాడి పెళ్ళాలేమో అనుకునేవాళ్ళు. నిజానికి పెద్దావిడ చిన్నావిడకి ఆడపడుచు, మొగుడి సొంత అక్క. ఒకసారి ఎవడో నోరుజారి ఆ మాట అనేశాడు. పెద్దావిడ ఒంటికాలి మీద లేచింది.

"నా తమ్ముణ్ణి నాకే మొగుణ్ణి చేస్తావురా సన్నాసీ! పో, నీకు డోనట్ లేదు, ఏమీ లేదు!"

పిండి కలపడం, డబ్బులు పుచ్చుకోవడం, మాటలనడం పెద్దావిడ పని. బాండీ ముందు నిలబడటం చిన్నావిడ పని. కాపురానికొచ్చిన కొత్తలో గరిటె చేతిలో పెడుతూ, "నాకు నడుం పట్టేసింది మరదలా, రెండ్రోజులు నువ్వు చూసుకో" అంది పెద్దావిడ. ఆ పట్టిన నడుం ఇరవై ఏళ్ళైనా వదల్లేదు.

బాండీ పనిలో మాత్రం చిన్నావిడకి వంక పెట్టడానికి లేదు. డోనట్ ఎర్రబడితే తీసెయ్యాలి, అంతే. ఆ ఎరుపు ఎంతో ఆమె కంటికి తెలుసు. ఆడపడుచుతో తగువాడుతూ కూడా ఒక్కటి మాడనిచ్చేది కాదు. తగువు మాత్రం మాడేది.

ఇన్నేళ్ళ నూనె పొగ ఎక్కడికి పోతుంది? ఆమె ఊపిరితిత్తుల్లోకే పోయింది. ముందు పొద్దున్నే దగ్గు, తర్వాత పగలంతా దగ్గు, ఆ తర్వాత బిందెడు నీళ్ళు మోస్తే ఆయాసం. ఇక తప్పదని డాక్టర్ దగ్గరికి వెళ్ళింది.

"ఏం పని చేస్తావమ్మా?"

"డోనట్లు వేస్తానండీ."

"ఎందులో వేస్తావు?"

"నూనెలోనండీ. ఇంకెందులో వేస్తారు?"

డాక్టర్ ఊపిరితిత్తుల ఫోటో తీసిన కాగితం వెలుతురుకి ఎత్తి చూసి దించాడు. "ఆ పొయ్యి దగ్గరికి ఇంక వెళ్ళకు. నేను మందిస్తాను. మందు మింగి మళ్ళీ ఆ పొగలోనే నిలబడేదానివైతే నా దగ్గరికి రావద్దు. ఇలాగే సాగితే రెండేళ్ళు తిరక్కుండా మంచం దిగడానికే రొప్పుతావు."

ఇంటికొచ్చి ఆ మాట మొగుడికి చెప్పింది. మొగుడు గోదాములో పిండి బస్తాలు మోస్తాడు. ఊరంతా అతన్ని బస్తా అనే పిలుస్తారు. మోసేదాన్ని బట్టి వచ్చిందో, కూచున్నచోట కదలకుండా కూచోడం వల్ల వచ్చిందో చెప్పలేం.

"డాక్టర్లకేం, చెప్తారు. అన్నం వండుకునే ఆడవాళ్ళంతా దగ్గుతున్నారా?" అన్నాడు.

రెండు ఇళ్ళకీ మధ్య గోడ ఒకటే. అవతల నుంచి పెద్దావిడ అందుకుంది. "అవున్రా తమ్ముడూ, బాగా అడిగావు. నాకు రాలేదేం దగ్గు?"

"బాండీ ముందు నిలబడితే గదా వదినా వచ్చేది!"

"అంటే? నేను ఊరికే కూచుని తింటున్నానంటావా?"

"నేననలేదు. నీ నోటితో నువ్వే అన్నావు."

గోడ అవతల గిన్నె ఒకటి గట్టిగా కింద పడింది. పడిందో, పడేసిందో.

మిక్సీలు రిపేరు చేసే కొట్టు ముందు ఒక పాత ఓవెన్ దుమ్ము కొట్టుకుపోయి ఉండటం చిన్నావిడ ఎన్నాళ్ళుగానో చూస్తోంది. ఒకనాడు ఆగి అడిగింది. "ఇందులో డోనట్లు కాల్తాయా?"

రిపేరతను నవ్వాడు. "కేకులు కాలగా లేంది డోనట్లు కాలవా? కాకపోతే దీని తలుపు వదులు. ఏదైనా అడ్డం పెట్టుకోవాలి. పైన వేడి కాస్త మందం, కింద మాత్రం నిప్పే."

"మా ఇంట్లోవాళ్ళలాగే ఉంది, ఇచ్చెయ్" అంది చిన్నావిడ.

ఓవెన్ ఇంటికి రాగానే పెద్దావిడ గుమ్మంలోకొచ్చి నిలబడి నడుం మీద చెయ్యేసుకుని చూసింది. "ఏంటే ఇది, ఇనప్పెట్టా?"

"ఇంట్లోనే కాల్చి బండికి తెస్తాను వదినా. డోనట్లు డోనట్లే, అమ్మకం అమ్మకమే. బాండీ ముందు మాత్రం నేను నిలబడను."

"నూనె మొహం చూడనిది డోనట్టా? దాన్ని బన్ను అంటారే పిచ్చిదానా!"

"బన్నే అనుకో. నాకు ఊపిరి కావాలి."

పెద్దావిడ కాసేపు పళ్ళు పటపటలాడించింది. చివరికి, "సరే. వారం రోజులు బాండీ నేనే చూసుకుంటాను, నడుం విరిగినా సరే. ఈలోగా నీ ఇనప్పెట్టె డోనట్లు జనం తిన్నారా, నీ ఇష్టం. తినలేదా, నోరు మూసుకుని గరిటె పట్టాలి. ఏరా తమ్ముడూ, నువ్వే సాక్షి" అంది.

బస్తా తలూపాడు. అతను అక్క ఏం చెప్పినా తలూపుతాడు, ఆ తల అందుకే ఉందన్నట్టు.

మొదటిరోజు తెల్లారగట్లే లేచి పని మొదలుపెట్టింది. గోరువెచ్చని పాలల్లో చక్కెర, ఈస్టు వేసి నురగొచ్చేదాకా ఆగింది. మైదా, గుడ్డు, వెన్న, చిటికెడు ఉప్పు వేసి కలిపింది. ముద్ద చేతికి అంటుకుంటోంటే, నూనెలో వేసే గట్టి ముద్ద పట్టి అలవాటైన చెయ్యి కాబట్టి ఇంకాస్త మైదా, ఇంకాస్త మైదా చల్లుతూ పోయింది. చివరికి ముద్ద చేతికి అంటుకోలేదు, కానీ పీటలాగా గట్టిపడింది. స్టీలు గ్లాసుతో గుండ్రాలు, సీసా మూతతో మధ్యలో చిల్లులు కోసి, పళ్ళెంలో సర్ది ఓవెన్‌లోకి తోసింది. వదులు తలుపుకి స్టూలు అడ్డం పెట్టి, ఆ స్టూలు జారకుండా దాని మీద తనే కూచుని తలుపు అద్దంలోంచి చూస్తూ ఉండిపోయింది.

ఎంత చూసినా ఎర్రబడలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ కన్ను ఎరుపు చూశాకే చేతికి చెప్పేది, తియ్యమని. ఎరుపు రాలేదు, కన్ను చెప్పలేదు, చెయ్యి తియ్యలేదు. చివరికి కాస్త రంగు తిరిగి బయటికి తీస్తే పళ్ళెంలో పడ్డ చప్పుడు టంగుమంది. చిల్లులు కూడా ఉబ్బి పూడుకుపోయాయి.

పారేద్దామంటే పెద్దావిడ చూడనే చూసింది. రెండు ఏరుకుని తీసుకుపోయి బండి చక్రాల కింద చెరో పక్కా పెట్టింది. వచ్చినవాళ్ళకల్లా చూపించడం మొదలుపెట్టింది.

"చూశారా? మా మరదలి డోనట్లు. పొద్దుట్నుంచీ బండి అంగుళం కదల్లేదు!"

వెల్డర్ పని చేసే లావుపాటతను కాలితో తన్ని చూశాడు. "బూటుకే దెబ్బ తగిలింది గదే! చిన్నావిడా, వీటిని మా ఫ్యాక్టరీకి అమ్మెయ్. బోల్టులు బిగించుకుంటాం."

గుంపంతా నవ్వింది. చిన్నావిడ ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చేసింది. ఆ నవ్వుకన్నా ఆమెని కుదిపింది బాండీ మీంచి లేస్తున్న పొగ. అది తన కోసమే కాచుక్కూచున్నట్టుంది.

మర్నాడు చిల్లు పెద్దది కోసింది, మైదా తగ్గించింది. అయినా రాళ్ళే. ఆ మర్నాడూ రాళ్ళే. ఎరుపు కోసం ఆగడం మాత్రం మానలేదు. ఎరుపు రాకుండా తీస్తే పచ్చిపిండి అని ఆమెకి పుట్టుకతో తెలిసినంత గట్టిగా తెలుసు.

"రోజూ మైదా తగలేస్తున్నావు. గోదాములో నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారు, ఇంటికి ఇంత పిండి ఏం చేసుకుంటావని" అన్నాడు బస్తా.

"నీ అక్క బండికి బస్తాలకి బస్తాలు మోసినప్పుడు అడగలేదా వాళ్ళు?"

"అది వేరు."

"ఏం, అక్కడ పిండి తెల్లగా ఉండదా?"

బస్తా చెప్పులేసుకుని గోదాముకి పోయాడు.

ఇంకోరోజు డోనట్లు ఓవెన్‌లో సగం కాలాయో లేదో కరెంటు పోయింది. ఆమె స్టూలు మీంచి లేచి ఓవెన్‌ని రెండు తిట్లు తిట్టింది, కరెంటువాళ్ళని నాలుగు, ఆడపడుచుని లెక్కలేనన్ని. తలుపు తెరిస్తే లోపల డోనట్లు తెల్లగా, పాలిపోయి ఉన్నాయి. అక్కసుకొద్దీ ఒకటి తీసి గోడకేసి కొట్టబోయింది. వేళ్ళు లోపలికి దిగాయి. వదిలితే నొక్కిన చోటు మెల్లగా మళ్ళీ పైకి లేచింది. విరిచింది. దూదిలా చీలింది. నోట్లో పెట్టుకుంది. పచ్చివాసన లేదు. నమల్లేదు కూడా, అదే కరిగిపోయింది. తిప్పి చూస్తే అడుగున మాత్రం సన్నగా గోధుమరంగు పట్టి ఉంది.

ఇన్నాళ్ళూ రాళ్ళు చేసింది ఓవెన్ కాదు, తన కన్నేనని తెలిసింది. తెలిసి సంతోషించిందని కాదు. ఒళ్ళు మండిపోయింది.

కరెంటు వచ్చాక ముద్దని చేతికి అంటుకునేంత మెత్తగానే కలిపింది. చేతులకి వెన్న రాసుకుని గుండ్రాలు చేసింది. ఎరుపు కోసం చూడకుండా ఓవెన్‌కి వీపు పెట్టి కూచుంది. చూస్తే మళ్ళీ ఆగుతుందని భయం. మధ్యలో లేచి వేలితో నొక్కి చూసి, లేచిందనిపించగానే తీసేసింది. వేడి మీదే కాస్త పాలు అద్ది, దాల్చినచెక్క పొడి కలిపిన చక్కెరలో దొర్లించింది.

బండి మీద పళ్ళెం పెట్టగానే వెల్డర్ వంగి చూశాడు. "ఏంటి చిన్నావిడా, వీటికి జ్వరమా? ముఖాలు పాలిపోయాయి."

"నీ ముఖం కన్నా నయమే. తిని మాట్లాడు."

తిన్నాడు. రెండోది తీసుకున్నాడు. పెద్దావిడ అటు తిరిగి బాండీలో గరిటెతో నూనెని కొట్టింది, అదేం పాపం చేసిందో.

అసలు గిరాకీ మాత్రం ప్యాకింగ్ ఆడవాళ్ళ నుంచి వచ్చింది. వాళ్ళు అట్టపెట్టెల్లో బోల్టులు సర్దుతారు. పెట్టె మీద నూనె మరక కనిపిస్తే సూపర్‌వైజర్ ఆ పెట్టె మళ్ళీ కట్టిస్తాడు. అందుకని పని ముందు డోనట్ తినాలంటే వాళ్ళకి భయం. ఈ డోనట్ తిన్నాక చేతులు చీర కొంగుకి తుడుచుకుంటే చాలు, చక్కెర రాలిపోతుంది. ఒకరిని చూసి ఒకరు రావడం మొదలుపెట్టారు.

"పెద్దావిడా, నూనె లేనివే ఇవ్వు" అని వాళ్ళు అంటూంటే పెద్దావిడకి చెవుల్లో సీసం పోసినట్టుండేది.

వారం ఆఖరి రోజు. చిన్నావిడ ఒక పళ్ళెం బండి మీద పెట్టి రెండోది కాల్చి తేవడానికి ఇంటికెళ్ళింది. తిరిగొచ్చేసరికి బండి చుట్టూ గొడవ. ప్యాకింగ్‌లో పనిచేసే పొడుగాటామె చేతిలో సగం కొరికిన డోనట్ ఉంది. దాన్నుంచి నూనె బొట్లు బొట్లుగా కారుతోంది. జాకెట్ మీద మరకలు, చేతినిండా జిడ్డు.

"ఇదా నీ నూనె లేని డోనట్? పిండితే దీపం పెట్టుకోవచ్చు! పొద్దున్నే మూడు పెట్టెలు పాడయ్యాయి, సూపర్‌వైజర్ అందరి ముందూ నన్ను నిలబెట్టి కడిగేశాడు!"

చిన్నావిడ పళ్ళెంలోకి చూసింది. తన డోనట్లే, కానీ ఎర్రగా ఉన్నాయి. కింద నూనె మడుగు.

బాండీ పనివాళ్ళకి ఒక అలవాటుంది. నిన్న మిగిలిన డోనట్లని పొద్దున్నే మరిగే నూనెలో ఒక్కసారి ముంచి తీస్తారు. దాన్ని మునక అంటారు. మునక వేస్తే నిన్నటిది ఇవాళ్టిదైపోతుంది. నూనెలో వేగినదానికి పైన గట్టి పొర ఉంటుంది కాబట్టి లోపలికి నూనె పోదు. ఓవెన్‌లో కాలినదానికి ఆ పొర ఉండదు. అది గుడ్డపీలికలా తాగేస్తుంది.

"మునక వేశావా వదినా?"

పెద్దావిడ తొణకలేదు. "వేశాను. తెల్లగా చచ్చినట్టున్నాయి, జనం పచ్చివంటారని వేశాను. నీ పరువు కాపాడదామనే. ఇందులో నా తప్పేముంది? ఈ బండి మీదికి ఏది వచ్చినా మునక వేసే అమ్ముతాం, మా అమ్మ నాటి నుంచీ."

పరువు కోసమే అన్న ఆ మాట అబద్ధమని చిన్నావిడ అనలేకపోయింది. నిజమని ఒప్పుకోలేకపోయింది. ఆడపడుచు ముఖంలో వెతికింది, ఏమీ దొరకలేదు. ఇరవై ఏళ్ళుగా అక్కడ ఏమీ దొరికింది లేదు.

"నేను ఇంటి దగ్గర చెమటోడ్చి తెచ్చింది నూనెలో ముంచి, తినేవాళ్ళ నెత్తిన కొట్టి, ఇది నా పరువా?"

"అరవకు. వారం అయిపోయింది. జనం ఏమంటున్నారో విన్నావుగా?" పెద్దావిడ జిడ్డు గరిటె ముందుకి చాపింది. "పట్టు. నా నడుం పోతోంది."

సరిగ్గా అప్పుడే బస్తా భుజం మీద మైదా మూట వేసుకుని వచ్చాడు. బండి పక్కన మూట దించి ఇద్దరి మొహాలూ చూశాడు.

"ఏంటే, అక్క చెప్తోందిగా. పట్టుకో" అన్నాడు.

"ఏం పట్టుకోమంటావు?"

"గరిటె. ఇంకేం పట్టుకుంటావు? రోజూ ఇదే గొడవ అయిపోయింది. డాక్టర్ అన్నీ అలాగే అంటాడు."

చిన్నావిడ గరిటె అందుకుంది. పెద్దావిడ మొహం విచ్చుకుంది. చిన్నావిడ ఆ గరిటెని తిప్పి మొగుడి చేతిలో పెట్టింది.

"నీ అక్క, మీ అమ్మ నాటి బండి, మీ బాండీ. నువ్వు పట్టు."

"నేనా? నాకు..."

"నీకేం? నీ ఊపిరితిత్తులు గట్టివి. ఇరవై ఏళ్ళు దాచుకున్నావుగా."

ఎవరో కిసుక్కున నవ్వారు. బస్తా ఆ గరిటెని పాము తోక పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. పెద్దావిడ బండి చుట్టూ తిరిగి ముందుకొచ్చింది.

"ఒసేయ్! నా తమ్ముణ్ణి బజార్లో నిలబెట్టి అవమానం చేస్తావుటే? ఇవాళ బండి వదిలి పోతే మళ్ళీ దీని ఛాయలకి రాకు. ఇంట్లోకి పిండి రానివ్వను. ఎవడు నీ పాలిపోయిన మొహాలు తింటాడో చూస్తాను!"

"చూడు. తీరిగ్గా చూడు. నీకు ఎలాగూ నడుం నొప్పిగా, కూచుని చూడు."

మునక తిన్న పళ్ళేన్ని అక్కడే వదిలేసి, రెండో పళ్ళెం ఎత్తుకుని రోడ్డు దాటింది. అటు పక్క మూతపడ్డ సైకిల్ కొట్టు ఉంది. దాని మెట్టు మీద పళ్ళెం పెట్టి నిలబడింది. ఆ పూట ఆమె దగ్గరికి ఒక్కరూ రాలేదు. ప్యాకింగ్ ఆడవాళ్ళు తలలు తిప్పుకుని గేట్లోకి పోయారు. వాళ్ళకి మునక సంగతి ఏం తెలుసు, మరకలు తెలుసు.

ఇంట్లో మాటలు ఆగిపోయాయి. బస్తా అన్నం గోడ అవతల తినొచ్చేవాడు. పిండి రాలేదు. ఆమె కిరాణా కొట్లో కిలోల లెక్కన కొనుక్కొచ్చుకుంది. గోడ అవతల నుంచి పెద్దావిడ ఎవరితో మాట్లాడుతున్నా, వినపడాల్సినవి వినపడేంత గట్టిగానే మాట్లాడేది. "ఇంటికి పట్టిన శని" అన్న మాట రోజుకి నాలుగైదుసార్లు గోడ దాటొచ్చేది. చిన్నావిడ ఈస్టు నురగ వస్తోందా లేదా చూసుకునేది.

గొడవ జరిగిన మర్నాడే ఆమె డోనట్లు సగానికి విరిచి, తెల్ల కాగితం మీద బోర్లించి ఉంచింది. గేటు వైపు పోయేవాళ్ళని పిలిచి కాగితం ఎత్తి, మరక లేదని చూపించింది. ముందు ఎవరూ ఆగలేదు. ఆ తర్వాతి రోజు పొడుగాటామె ఆగింది. కాగితం తిరగేసి, ఎండకెత్తి చూసింది.

"మొన్నటివి మరి?"

"మొన్నటివి నేను చేశాను, ఆవిడ నూనెలో ముంచింది. అడుగు కావాలంటే, అదుగో అక్కడే ఉంది."

పొడుగాటామె అడగలేదు. ఒకటి తీసుకుని, చేతులు కొంగుకి తుడుచుకుని, కొంగు చూసుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని.

అవతల బండి దగ్గర బస్తా మూడు పూటలు గరిటె పట్టాడు. కళ్ళు నీళ్ళు కార్చుకున్నాడు, చెయ్యి కాల్చుకున్నాడు, సగం డోనట్లు మాడ్చాడు. తర్వాత గోదాములో పని ఎక్కువైందని చెప్పి మానేశాడు. పెద్దావిడ తన కోడల్ని పిలిపించింది. ఆ పిల్ల ఒక పూట నిలబడి, ముక్కు మూసుకుని, "అత్తయ్యా, నా వల్ల కాదు, నేను పుట్టింటికి పోతాను" అని చక్కా పోయింది. ఇక పెద్దావిడే నిలబడింది. పనివాళ్ళు ఇప్పటికీ ఎర్ర డోనట్లు తింటున్నారు, నూనె డోనట్ రుచి నూనె డోనట్‌దే. వెల్డర్ రెండు పక్కలా తింటాడు. అటు తిన్నాక ఇటొచ్చి, ఇటు తిన్నాక అటెళ్ళి ఒకరి మీద ఒకరికి చెప్పడం అతనికి డోనట్ కన్నా తీపి.

నెల తిరిగాక గేటు వాచ్‌మన్ రోడ్డు దాటి వచ్చాడు. పెద్దమనిషి, ఎవరి గొడవైనా తీర్చందే నిద్రపట్టదు. అవతల బండి వైపు చూపించాడు. పెద్దావిడ ముఖం పొగలో కనిపించడం లేదు, దగ్గు మాత్రం వినిపిస్తోంది.

"పాపం, ఒక్కతే అవస్థ పడుతోందమ్మా. ఆవిడ పంపలేదు, నా అంతట నేనే వచ్చాను. వయసు మీద పడింది. నువ్వు కాస్త చెయ్యి వేస్తే..."

చిన్నావిడ అటు చూసింది. ఆమె ముఖంలో జాలి కోసం వాచ్‌మన్ వెతికాడు.

"నా ఓవెన్ మిక్సీలు రిపేరు చేసే కొట్లో కొన్నానని చెప్పు ఆవిడకి. అక్కడికి ఇంకోటి వచ్చింది."

"అదేంటమ్మా, సొంత మనిషివి..."

"సొంత మనిషినే, అన్నా. అందుకే ఇరవై ఏళ్ళు నిలబడ్డాను అక్కడ. బయటి మనిషినైతే రెండో రోజే పోయేదాన్ని." ఆమె పళ్ళెం అతని ముందుకి జరిపింది. "పెద్దరికానికి వచ్చావా, డోనట్‌కి వచ్చావా? డోనట్‌కైతే తీసుకో. లేకపోతే పక్కకి జరుగు, వెనకాల మనుషులున్నారు."

వాచ్‌మన్ పక్కకి జరిగాడు.